తప్పు చెప్పమంటే ఎవరూ చెప్పరే!

డాలస్ వచ్చిన మొదటి ఏడాది నా ఇంగ్లీషు విని అందరూ అన్నది ఒకటే: 'యువర్ ఇంగ్లీష్ ఈజ్ గ్రేట్!' కాదని నాకు తెలుసు. టెన్త్ దాకా తెలుగు మీడియం. గ్రామర్ బట్టీపట్టి పాసయ్యాను కానీ, పక్కింటావిడతో రెండు నిమిషాలు మాట్లాడితే ఎక్కడో తేడా కొట్టేది. ఎక్కడో మాత్రం ఎవరూ చెప్పరు, మర్యాద అడ్డం. మన చుట్టాలైతే అడక్కుండానే చెప్తారు, అది వేరే కథ.

మేముండే చోట లైబ్రరీలో వారానికోసారి ఇంగ్లీషు మాట్లాడుకునే క్లాసు ఉచితంగా పెడతారంటే వెళ్ళాను. నడిపేది ఓ రిటైర్డ్ టీచరమ్మ. అక్కడా నాలుగు వారాలు నవ్వుతూ తలూపడమే. 'నా తప్పులు చెప్పండి' అంటే మొహమాటపడేవారు. చివరికి 'ఇదే మాట మీరైతే ఎలా అంటారు?' అని అడిగాను. అంతే, ఇక ఆగలేదు.

మొదట దొరికింది ఇది: 'మై హజ్బెండ్ విల్ కమ్ లేట్ టుడే, ఇట్ సీమ్స్.'

"ఆయన మీకు చెప్పలేదా?" అన్నారు.

"చెప్పారు. ఇప్పుడే ఫోన్ చేశారు."

"మరి అనుమానం దేనికి?"

అప్పుడు వెలిగింది. అది మన 'అట'. ఆలస్యమవుతుందట, వర్షమట, పెళ్ళి కుదిరిందట... విన్న ప్రతి మాటకీ తగిలించే ఆ తోక ఇంగ్లీషులో లేదు. ఎవరన్నారో ముందే చెప్పేయాలి: 'మై హజ్బెండ్ సెజ్ హీ విల్ బి లేట్.' 'ఇట్ సీమ్స్' అంటే వాళ్ళకి 'నాకలా అనిపిస్తోంది' అని. అంటే ఏడాదిగా నేను మా ఆయన్ని నమ్మనిదానిలా మాట్లాడుతున్నానన్నమాట!

ఆ రోజు నుంచి నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీశాను. ఎడమవైపు తెలుగులో అనుకున్నది, మధ్యలో నేనన్నది, కుడివైపు ఆవిడ అన్నది. తెలుగు రాసుకుంటేనే తప్పు ఎక్కడ పుడుతోందో కనిపించింది. 'నిన్ననే వచ్చాను'లోని 'నే' కాస్తా 'ఎస్టర్‌డే ఓన్లీ' అయింది. ఫోనెత్తి 'చెప్పండి' అనబోయి 'టెల్ మీ' అంటే, అందులో 'అండి' లేదు కదా, విసుక్కుంటున్నట్టు వినిపిస్తుందట. (ఇక్కడ 'అట' లేకుండా రాయలేను, ఏమనుకోకండి.)

అన్నీ ఒప్పుకోలేదు లెండి. 'ప్రీపోన్' (అనుకున్న టైముకన్నా ముందే పెట్టుకోవడం) అనే మాట ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉందని ఫోన్‌లో చూపించాను. వాళ్ళతో 'మూవ్ అప్' అంటాను, హైదరాబాద్ ఫ్రెండ్స్‌తో మాత్రం ప్రీపోనే.

ఓ సాయంత్రం క్లాసయ్యాక 'ఐ విల్ గో అండ్ కమ్' అని బయల్దేరాను. ఇంటికెళ్ళి కుక్కర్ పెట్టేశాను. తర్వాతి వారం కూర్చోగానే ఆవిడ అడిగారు: "మళ్ళీ వస్తానని వెళ్ళారు, రాలేదేం? తాళం వేయకుండా పావుగంట చూశాను."

నోట్‌బుక్ తీసి ఎడమ గడిలో 'వెళ్ళొస్తాను' అని రాసుకున్నాను.