స్లో పెంచాను సార్, చూస్కోండి

పడుకుందామనే లైటు తీశాను. నిద్ర రాక మళ్ళీ లేచి ఇది రాస్తున్నాను.

నా స్ప్లెండర్ బైకు సంగతే. మళ్ళీనా అనకండి. పొద్దున్న చోక్ వేస్తే ఒక్క కిక్కుకే అందుకుంటోంది. చోక్ తీయగానే ఠక్కున ఆగిపోతోంది. కాస్త వేడెక్కాక రోడ్డు మీద బాగానే పోతుంది. తీరా బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలితే మళ్ళీ ఆఫ్. ఒక్కోసారి సరిగ్గా దీనికి ఎదురు: పూర్తిగా వదిలేసినా రేసు దిగదు, గుర్రుమంటూనే ఉంటుంది. పక్క బండాయన నేనేదో పందేనికి పిలుస్తున్నట్టు చూస్తాడు.

మెకానిక్ దగ్గర ఇదంతా వరసగా చెప్దామని నోరు తెరిచాను. "చోక్ తీయగానే..." అనేలోపు ఆ కుర్రాడు వంగి, స్లో స్క్రూ (యాక్సిలరేటర్ వదిలినా ఇంజను ఎంత వేగంగా తిరగాలో తేల్చేది) బిగించేసి, "స్లో పెంచాను సార్, చూస్కోండి" అన్నాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య అలాగే ఉంది. అవతలి మనిషితో మాట కూడా తెగలేదు. బండి ఆగట్లేదు, నిజమే. జ్వరం వచ్చిందంటే థర్మామీటర్ దులిపి ఇచ్చినట్టుంది వైద్యం.

చోక్ అంటే ఏమిటి? వచ్చే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడం. చోక్ ఉంటే బతికి, తీస్తే చచ్చే ఇంజనుకి ఐడ్లింగులో, అంటే యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు, పెట్రోలు చాలట్లేదన్నమాట. అయితే పెట్రోలూ గాలీ కలిపే కార్బొరేటర్లో, ఐడ్లింగుకి పెట్రోలు వదిలే సన్న రంధ్రం స్లో జెట్ మూసుకుపోయి ఉండాలి, లేదా కార్బొరేటర్ దాటాక ఎక్కడో దొంగగాలి దూరుతూ ఉండాలి. రేసు దిగకపోవడం రెండోదాని వైపే వేలు చూపిస్తుంది. స్పార్క్ ప్లగ్గు విప్పి చూస్తే ఇంకో సాక్ష్యం. నల్లగా మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, సుద్దలా తెల్లబడితే తక్కువ. కొంతదూరం పోయి ఆగిపోయి, ట్యాంకు మూత తెరిచి మూస్తే మళ్ళీ నడిచే బండిదైతే వేరే కథ. అక్కడ మూతలో గాలి రంధ్రం మూసుకుపోయి ఉంటుంది. ఎప్పుడు ఆగుతోంది, చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న ఎవరూ అడగరు. ఇంతకుముందు వెళ్ళిన చోట కూడా అంతే. జెట్ ఊడదీసి బ్రేకు కేబులు తీగ పెట్టి పొడిచారు. ఇత్తడి జెట్టు అది, గాలి కొట్టి శుభ్రం చేయాలి. తీగతో రంధ్రం పెద్దదైతే అసలు కొలతే పోతుంది.

మా పెదనాన్న ఉంటే ఈ పని చూసి కొట్టేవాడు. నూజివీడు ఇంట్లో ఆయన బుల్లెట్ స్టార్ట్ చేయడం పిల్లలందరికీ ఒక వేడుక. ముందు తాళం తిప్పేవాడు. హెడ్‌లైటు పైన కరెంటు చూపే అమ్మీటరు ముల్లు ఎడమకి వాలేది. కిక్కు మెల్లగా, కాలితో నొక్కీ నొక్కనట్టు దించుతుంటే ఒకచోట ముల్లు మధ్యలోకి వచ్చి నిలబడేది. స్పార్కు ఇప్పించే పాయింట్లు తెరుచుకున్నాయి, పిస్టన్ పైకి వచ్చింది అని దానర్థం. అప్పుడు సిలిండర్లో ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ పట్టుకుని ఇంకాస్త దించి, లివర్ వదిలి, కిక్కు పైకి రానిచ్చి ఒక్క తన్ను. ఈ వరస తప్పితే కిక్కు ఎదురుతన్ని కాలు వాచేది. ఆ అనుభవం మా బాబాయికి ఉంది. బండి అందుకున్నాక కూడా పెదనాన్న బయల్దేరేవాడు కాదు. తల పక్కకి వంచి డుగ్గుడుగ్గు వింటూ నిలబడేవాడు. "నా మాటెప్పుడన్నా ఇంత శ్రద్ధగా విన్నారా?" అని పెద్దమ్మ వంటింట్లోంచి.

కానీ ఇంత దూరం రాశాక ఇంకోటి గుర్తొస్తోంది. ఆ వినడంలోనే ఒకసారి మేనత్త కూతురి పెళ్ళి ముహూర్తం దాటిపోయింది. మేం వెళ్ళేసరికి భోజనాలు. పెద్దమ్మ ఆ తర్వాత చాలాకాలం బుల్లెట్ ఎక్కలేదు, బస్సులోనే వచ్చేది. ఇటు చూస్తే, ఆ కుర్రాడి షాపు ముందు బళ్ళు వరసగా ఉన్నాయి. ప్రతివాడికీ ఆఫీసు టైమే. స్లో పెంచినందుకు నా దగ్గర డబ్బులు కూడా తీసుకోలేదు. అందరి బండి ముందూ తల వంచి వింటూ కూర్చుంటే వాడి ఇల్లు ఎలా గడుస్తుంది?

పైగా సాయంత్రం నాకు పనికొచ్చింది వాడు తిప్పిన స్క్రూనే. స్లో పెంచబట్టే బండి స్టాండు మీద ఆగకుండా నిలబడింది. సైలెన్సర్ వేడెక్కకముందే, కార్బొరేటర్‌కీ ఇంజన్ హెడ్‌కీ మధ్య అతుకు దగ్గర కార్బ్ క్లీనర్ స్ప్రే కొద్దిగా చిమ్మాను. శబ్దం మారిపోయింది! దొంగగాలి దూరేది అక్కడే, దొంగ దొరికాడు. అక్కడ గాలి దూరకుండా వేసే రబ్బరు ఓ-రింగు గట్టిపడి ఉంటుంది.

ఆ సంతోషం చెప్దామని లోపలికొస్తే మా ఆవిడ, "అదంతా సరే, ఎఫ్‌ఐ బండి కొనుక్కోవచ్చుగా" అంది. ఎఫ్‌ఐ అంటే కార్బొరేటర్ బదులు సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మేది. 2020 ఏప్రిల్ నుంచి పొగ నిబంధన బీఎస్-6 వచ్చాక కొత్త బళ్ళలో దాదాపు అన్నీ అవే, చోకే ఉండదు. నిన్నటిదాకా ఆ మాటంటే కోపం వచ్చేది. ఇవాళ ఎదురు చెప్పలేకపోయాను. వాటిలో దారిన పోయేవాడు తిప్పడానికి స్క్రూ కనపడదు, ఆ ఒక్క సుఖం చాలదూ. కాకపోతే సెన్సర్ పోతే ఇంట్లో కూర్చుని నేను పట్టుకోలేను. సరే, ఆ లెక్క దీపావళికి చూద్దాం.

రేపు ఆటోనగర్ వెళ్ళి ఓ-రింగు తేవాలి, ప్లగ్గు కూడా. బిగించాక పెంచిన స్లో మళ్ళీ దించాలి. ఇంజను నిమిషానికి 1400 చుట్ల దగ్గర తిరగాలి, మన బండికేమో ఆ లెక్క చూపే టాకోమీటరు లేదు, చెవితోనే. చిన్నదాన్ని తొమ్మిదింటికి ట్యూషన్‌లో దింపాలి, ఆలోపు అవుతుందో లేదో.