జాజికాయల దీవిలో పడవ కోసం

మా ఊరు బందరు. ఆ పేరుకు రేవు అని అర్థమనీ, పారసీకం నుంచి వచ్చిన ఆ మాటే మలయ్ భాషలోనూ రేవు పట్టణానికి వాడుకలో ఉందనీ చిన్నప్పుడే మా తాతగారు చెప్పారు. బందరుకోటలోని డచ్చివారి సమాధుల మధ్య ఆడుకుంటూ పెరిగిన నాకు, ఆ మనుషులు ఇంత దూరం ఎందుకు వచ్చారన్న ప్రశ్న చాలా కాలం పాటు వదలలేదు. 17వ శతాబ్దం మొదట్లో వారు మన తీరంలో కోఠీలు పెట్టుకున్నది ప్రధానంగా ఇక్కడి నేత బట్టల కోసం. సుగంధ ద్రవ్యాలు పండే తూర్పు దీవులలోని జనం వెండి నాణేల కంటే కోరమాండల్ బట్టను ఇష్టంగా పుచ్చుకునేవారు కనుక, మన బట్ట చేతిలో లేనిదే అక్కడ బేరం సాగడం కష్టమయ్యేది. ఆ బట్టకు బదులుగా వచ్చిన జాజికాయ, జాపత్రి పుట్టిన చోటును చూడాలన్న కోరికతోనే నేను కొన్నేళ్ళ క్రితం ఇండోనేషియాలోని బందా దీవులకు, వాటిలో పడమటి కొసన ఉన్న రున్ అనే చిన్న దీవికి వెళ్ళాను.

ఆ ప్రాంతపు ముఖ్య నగరమైన అంబోన్ నుంచి పెద్ద ప్రయాణికుల ఓడలో రాత్రంతా ప్రయాణిస్తే, బందా దీవులలో ప్రధాన రేవైన బందా నైరా వస్తుంది. అక్కడి నుంచి చెక్క మోటారు పడవలో సుమారు రెండు గంటలకు రున్ చేరాము. దీవి పొడవు మూడు కిలోమీటర్లకు మించదు, వెడల్పు ఒక కిలోమీటరు కూడా ఉండదు. ఒడ్డు నుంచి మెట్లు మెట్లుగా ఎక్కే ఊరు, ఊరి పైన జాజి తోటలు, వాటికి గొడుగు పట్టినట్టు ఎత్తైన కెనారీ చెట్లు కనిపిస్తాయి. ఊళ్ళో ఎక్కువ మంది ముస్లిములు. అనేక కుటుంబాల పూర్వీకులు సులవేసికి ఆగ్నేయాన ఉన్న బూతోన్ దీవి నుంచి వచ్చినవారు.

ఈ దీవి గురించి బయటి ప్రపంచం చెప్పుకునే కథ ఒక్కటే. 1616లో ఆంగ్లేయులు ఇక్కడ దిగి, డచ్చివారి ముట్టడిని కొన్నేళ్ళ పాటు తట్టుకున్నారు. చివరకు 1667లో బ్రేడా సంధి ప్రకారం రున్ డచ్చివారికి, అమెరికాలోని మన్‌హటన్ ఆంగ్లేయులకు ఖాయమయ్యాయి. వచ్చిన ప్రతి యాత్రికుడూ ఈ మాటే అడుగుతాడు, నేనూ అడిగాను. అడిగిన తరువాత సిగ్గు కలిగింది, ఎందుకంటే ఆ బేరంలో ఇక్కడి మనుషుల ప్రస్తావనే లేదు. 1621లో డచ్చి గవర్నర్ జనరల్ యాన్ పీటర్జోన్ కూన్ నడిపిన దండయాత్రలో బందా దీవుల ప్రజలలో అత్యధికులు హతులయ్యారు, లేదా ఆకలితో మరణించారు, లేదా బానిసలుగా తరలిపోయారు. ఖాళీ అయిన భూములను డచ్చి ఈస్టిండియా కంపెనీ తోటలుగా విభజించి, బయటి నుంచి తెచ్చిన బానిసలతో సాగు చేయించింది. అరుదైన సరుకు పండే చోటుగా ఈ దీవులకున్న విలువ కూడా శాశ్వతంగా నిలవలేదు. 1810లో బందాను పట్టుకున్న ఆంగ్లేయులు జాజి మొక్కలను తమ వలస రాజ్యాలకు తరలించారు. నేడు కరీబియన్ దీవి అయిన గ్రెనడాలోనూ, మన కేరళలోనూ జాజి విరివిగా పండుతోంది.

నాకు ఆతిథ్యమిచ్చిన ఇంటి పెద్దను అందరిలాగే నేనూ ‘బపక్’ అనీ, ఆయన భార్యను ‘ఇబు’ అనీ పిలిచేవాణ్ణి. నాన్న, అమ్మ అన్నట్టే ఆ పిలుపులు. బపక్‌కు కొండ మీద కొన్ని జాజి చెట్లున్నాయి. జాజిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరు వేరు. విత్తనం నాటిన చాలా ఏళ్ళకు పూత వస్తే గానీ ఏది కాయనిస్తుందో తెలియదు. మంచి కాపుకు వచ్చేసరికి నాటినవాడు నడివయస్సుకు చేరతాడు. పండు చూడటానికి చిన్న జామకాయలా, లేత పసుపుగా ఉండి, పక్వానికి రాగానే రెండుగా చీలుతుంది. ఆ చీలికలోంచి ఎర్రని జాపత్రి కనిపించగానే, చివర బుట్ట కట్టిన పొడవాటి వెదురు గడతో దానిని కోస్తారు. ఆ గడను వారు ‘గాయ్ గాయ్’ అంటారు. నేల మీద పడిన కాయలు త్వరగా బూజు పడతాయి కనుక, చెట్టు మీదనే కోయడానికి వారు పడే శ్రమ ఉత్త ఆచారం కాదు. బూజు వల్ల ఏర్పడే విషపదార్థమైన అఫ్లాటాక్సిన్ కోసం ఐరోపా దేశాలు ఇండోనేషియా జాజికాయను ప్రత్యేకంగా పరీక్షిస్తాయి.

కోసిన తరువాతి పని ఇబుది. పండు కండను చక్కెరలో ఊరబెట్టి ఎండిస్తే తియ్యని తినుబండారం అవుతుంది. జాపత్రిని చెక్కు చెదరకుండా ఒలిచి చాపల మీద ఆరబెడితే, రెండు మూడు రోజులలో నెత్తుటి ఎరుపు నుంచి నారింజ రంగుకు దిగుతుంది. గింజను మాత్రం తొందరపెట్టకూడదు. సన్నని సెగ మీద వారాల తరబడి పొగబెట్టాలి. పెంకులోపల పప్పు విడివడి, చెవి దగ్గర ఊపితే గలగలమన్నప్పుడే అది అమ్మకానికి పనికి వస్తుంది. బిర్యానీలో ఒక చిటికెడు, పసిపిల్లలకు అరగదీసి నాకించే ఒక గంధపు చుక్క అనుకునే మనకు, ఆ గలగల కోసం ఎన్ని వారాలు కాచుకుంటారో తెలియదు.

కాచుకోగలిగితే ధర వస్తుంది. ఆ ఓపికకు డబ్బు కావాలి. ఇంట్లో జ్వరం వచ్చినా, పడవ ఇంజను చెడినా, లేత కాయలనే తెంపి నూనె తీసేవారి కోసం తక్కువకు అమ్మవలసి వస్తుంది. అప్పు ఇచ్చినవాడే సరుకు కొనేవాడూ అయినప్పుడు బేరమాడే గొంతు ఎంత మెల్లగా పలుకుతుందో మన మిర్చి రైతుకు, పత్తి రైతుకు వేరే చెప్పనక్కరలేదు. జాజి కంటే రోజువారీ చేతి ఖర్చుకు సముద్రమే వారిని ఆదుకుంటుంది. పురుషులు ఒంటరిగా గాలానికి ట్యూనా చేపలు పడతారు. అయితే మంచు గడ్డలు లేని చోట ఎంత పెద్ద చేప పడినా సాయంత్రంలోపు దానిని నైరాకు చేర్చాలి.

రున్‌లో వాగు లేదు, ఊట లేదు. నాలుగు వందల ఏళ్ళ క్రితం ముట్టడిలో చిక్కిన ఆంగ్లేయులను వేధించినదీ నీటి ఎద్దడే. ఇంటి కప్పు మీద పడిన వానను గొట్టాలతో సిమెంటు తొట్టెలోకి పట్టుకోవడమే నేటికీ ఆధారం. నేనున్నప్పుడు కరెంటు సాయంత్రం కొన్ని గంటలే ఉండేది. బియ్యం, పంచదార, డీజిలు అన్నీ పడవలోనే రావాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు తూర్పు గాలి, డిసెంబరు తరువాత పడమటి గాలి రేగినప్పుడు పడవలు రోజుల తరబడి కదలవు. పురుటి నొప్పులు మాత్రం గాలి తగ్గేవరకు ఆగవు కదా అని ఇబు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది.

2014లో వచ్చిన గ్రామ చట్టం వల్ల జకార్తా నుంచి నేరుగా ఊరికి ఏటా నిధులు వస్తున్నాయి. బందా దీవులు 2015 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో ఉన్నాయి. పగడపు దిబ్బల మీద ఈదడానికి విదేశీయులు వస్తున్నారు, కొన్ని ఇళ్ళు అతిథి గదులయ్యాయి. ఇవన్నీ మంచివే. కానీ యాత్రికులు సముద్రం నెమ్మదించిన నెలలలోనే వస్తారు, అదే సమయంలో చేపల వేటా సాగుతుంది. చేతులు ఖాళీగా ఉండే గాలి నెలలలో ఎవరూ రారు. ఈ దీవికి ముందుగా కావలసినది, గాలి కాలంలోనూ నడిచే గట్టి పడవ, దానికి ప్రభుత్వం భరించే చార్జీ, కాయలను తగిన సమయం వరకు ఆపుకోవడానికి ఉమ్మడి ఎండబెట్టు గది అని నా దృఢమైన అభిప్రాయం. బందా కూడా చేరిన మలుకు దీవులలో ‘సాసి’ అనే పాత కట్టడి ఉంది. పెద్దలు కట్టడి ఎత్తేవరకు ఎవరూ తోటలో కాయ కోయరు, నిషేధించిన నీటిలో వల వేయరు. కలిసి ఆగడం తెలిసిన సమాజానికి కలిసి అమ్మడం అసాధ్యమేమీ కాదు.

బపక్, ఇబుల పెద్దమ్మాయి నైరాలో బంధువుల ఇంట ఉండి ఉన్నత పాఠశాలలో చదువుతోంది. 1936లో డచ్చివారు నైరాకు ప్రవాసం పంపిన హట్టా, షహ్రీర్ అక్కడి పిల్లలకు పాఠాలు చెప్పారనీ, తరువాత హట్టా ఇండోనేషియా తొలి ఉపాధ్యక్షుడు, షహ్రీర్ తొలి ప్రధాని అయ్యారనీ ఆ అమ్మాయే నాకు గర్వంగా చెప్పింది. నర్సు చదువుకు అంబోన్ వెళ్ళాలని ఆమె ఆశ. చదివి తిరిగి వస్తావా అని నేను అడగబోయి మానుకున్నాను. బందరు వదిలి ఇరవై ఏళ్ళయిన నాకు ఆ ప్రశ్న అడిగే హక్కు లేదనిపించింది.

సోమవారం తెల్లవారకముందే ఒకే పడవలో బయలుదేరాము. బడి సంచితో ఆ అమ్మాయి, ఒడిలో జాజికాయల గోనెతో బపక్, వారి వెనుక నేను. నైరా రేవులో వ్యాపారి గోనెలోంచి ఒక కాయ తీసి చెవి దగ్గర ఊపి, సుత్తితో పెంకు పగులగొట్టి, పప్పును కత్తితో అడ్డంగా కోసి చూశాడు. బపక్ త్రాసు వైపు చూడలేదు. మెట్లెక్కి బడి వైపు వెళుతున్న కూతురు మలుపు తిరిగేవరకు చూసి, తరువాత తూకం ఎంత వచ్చిందని అడిగాడు.