ఒక ఊపిరికి ఇద్దరు మాస్టార్లు

మన హైస్కూల్లో గ్రౌండుకి పడమర వైపు చింతచెట్టు, దాని కింద సిమెంటు అరుగు ఉండేవి. పొద్దున ప్రార్థనకి అదే, సాయంత్రం డ్రిల్లు మాస్టారు కూర్చుని విజిల్ ఊదడానికి అదే, జనవరి వస్తే నాటకానికీ అదే. అరుగు మీంచి ఒక్క గెంతు గెంతితే కబడ్డీ కోర్టులో పడతాం. అందుకేనేమో, 2001-02 పదో తరగతి బ్యాచ్‌లో ఆటగాళ్లెవరో నాటకాలవాళ్లెవరో విడదీసి చెప్పమంటే ఇప్పటికీ నా వల్ల కాదు.

మా కోసం ఇద్దరు మాస్టార్లు పోట్లాడుకునేవారు. డ్రిల్లు మాస్టారికి కబడ్డీ కూత కావాలి, తెలుగు మాస్టారికి నాటకం పద్యం కావాలి. రెండింటికీ పెట్టుబడి ఊపిరే. గీత దాటినవాడు మళ్లీ గీత తాకేదాకా కూత తెగకూడదు. నాలుగో పాదం చివర రాగం ఎత్తుకున్నవాడిదీ అదే అవస్థ. డ్రిల్లు మాస్టారు మమ్మల్ని వంశధార రేవుకి తీసుకెళ్లి ఇసుకలో పరిగెత్తించి, ఆనక మొలలోతు నీళ్లలో తల ముంచమని అంకెలు లెక్కపెట్టేవారు. "ఒరే గుంటడా, కూత తెగిందంటే నువ్వు అవుటే" అనేది ఆయన మాట. తెలుగు మాస్టారేమో బడి గంటకి ముందే రమ్మని, పరగడుపున సీసపద్యం పాదాన్ని ఒక్క ఊపిరిలో లాగించేవారు. "ఏటండీ మాస్టారూ, పిల్లల గొంతులు పాడు చేసేస్తన్నారు" అని తెలుగు మాస్టారు స్టాఫ్‌రూమ్‌లో అంటే, "మీరు మరీ చెప్తారు, రేవులో నేను బాగు చేసిన ఊపిరితోనే మీరు పద్యాలు పాడించుకుంటన్నారు" అని డ్రిల్లు మాస్టారు. ఇద్దరి మాటా నిజమే.

మా జట్టులో అందరికన్నా మంచి కూతగాడు గొల్లవీధి నుంచి వచ్చేవాడు. వాడికి ఆ అడుగులు ఎక్కడివో చాలాకాలం మాకు తెలియలేదు. గంగమ్మ పండక్కి వాళ్ల నాన్న జట్టు తప్పెటగుళ్లు ఆడుతుంటే చూసి అర్థమైంది. గుండె మీద రేకు తప్పెట, కాళ్లకి గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ రెండు చేతులా వాయిస్తూ ఒక్కసారిగా అందరూ వెనక్కి గెంతుతారు. ఆ వెనక్కి గెంతే అడుగే వాడు కోర్టులో వేసేవాడు. కాలు పట్టుకుందామని వంగినవాడి చేతిలో మట్టి మిగిలేది. డ్రిల్లు మాస్టారు అది కనిపెట్టి, మర్నాటి నుంచి మా అందరికీ గజ్జెలు లేకుండానే తప్పెటగుళ్ల అడుగులు నేర్పించమని వాడికే అప్పజెప్పారు. ఆ ఏడాది వార్షికోత్సవంలో మేం వేసిన తప్పెటగుళ్లు అలా కబడ్డీ ప్రాక్టీసులోంచి పుట్టిందే. తప్పెటలు మాత్రం నిజమైనవి, వాళ్ల వీధివాళ్లు ఇచ్చారు. గంట తిరిగాక తాడు ఒరుసుకుని మెడ మండిపోయేది, అదొక్కటే బాధ.

ఆడపిల్లల గురించి చెప్పకపోతే వాళ్లు ఊరుకోరు. అప్పటిదాకా వాళ్లకి ఖో-ఖోయే. సరుగుడు కర్రలు రెండు పాతి, సున్నం గీత గీసి ఆడేవారు. 2000 సెప్టెంబర్‌లో మేం తొమ్మిదిలో ఉండగా కరణం మల్లీశ్వరికి సిడ్నీ ఒలింపిక్స్ బరువులెత్తే పోటీలో కాంస్యం వచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి, అంటే మన శ్రీకాకుళం జిల్లా పిల్ల! ప్రార్థనలో డ్రిల్లు మాస్టారు పేపరు చదువుతుంటే ఆయన గొంతే వణికింది. ఒక్క ఊపులో ఎత్తే స్నాచ్‌లో 110 కిలోలు, రెండు దశల్లో ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 అని బోర్డు మీద రాసి, "ధాన్యం బస్తా ఎంతర్రా?" అని అడిగారు. డెబ్భై ఐదు అన్నాం. "మరి ఆ నూట ముప్ఫై అంటే రెండు బస్తాలకి ఇరవై కిలోలు తక్కువ, తల మీదకెత్తి నిలబడింది" అన్నారు. ఆ సాయంత్రమే ఇద్దరమ్మాయిలు వెళ్లి, "మాకూ నేర్పండి మాస్టారూ" అన్నారు. బడిలో బరువులెక్కడివి? నూనె డబ్బాల్లో సిమెంటు పోసి, మధ్యలో ఇనప గొట్టం పెట్టి ఆయనే చేశారు. ఒక డబ్బా బరువు, ఇంకోటి తేలిక. ఎత్తినవాళ్లు ఒక పక్కకి ఒరిగిపోయేవారు. అయినా వదల్లేదు.

ఇక నా సంగతి. 2002 జనవరి 26. పొద్దున ఏ సెక్షన్‌కీ బి సెక్షన్‌కీ కబడ్డీ ఫైనల్, రాత్రి రాయబారం సీను. అందులో నేను ద్రౌపదిని. ఒడ్డూపొడుగూ లేనందుకు దక్కిన వేషం. ఆటకి వెళ్లొద్దని తెలుగు మాస్టారు ముందురోజే చెప్పారు. వెళ్లాను. ఆఖరి కూతలో పడి మోచేయి గీరుకుపోయింది, గొంతు పూర్తిగా పోయింది. మేం ఓడిపోయాం కూడా. సాయంత్రం మేకప్పు వేస్తుంటే నోట్లోంచి గాలి తప్ప మాట రావడం లేదు. మాస్టారు తిట్టలేదు. మిరియాల పాలు తాగించారు, పని చెయ్యలేదు. "నువ్వు పెదవులు కదుపు" అని మాత్రం అన్నారు.

తెర లేచింది. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. నేను జుట్టు విరబోసుకుని చేతులు చాచాను. తెర పక్కనుంచి తెలుగు మాస్టారి యాభై ఏళ్ల గంభీరమైన గొంతు పద్యం అందుకుంది! జనం ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ తర్వాత గొల్లున నవ్వారు. కానీ రాగం సాగేకొద్దీ నవ్వు ఆగిపోయింది. పద్యం అయ్యాక వెనక బెంచీల నుంచి "వన్స్ మోర్". ఆయన మళ్లీ పాడారు, నేను మళ్లీ పెదవులు కదిపాను. చప్పట్లు కొట్టినవాళ్లలో డ్రిల్లు మాస్టారు ముందున్నారు. నాకు జీవితంలో వచ్చిన ఒకే ఒక్క వన్స్ మోర్ అది, అదీ నాది కాదు.

మొన్న డిసెంబర్‌లో మన బడి జ్ఞాపకాల ఈ సంచిక పని మీద బడికి వెళ్లాను. 2018 తిత్లీ తుఫానుకి చింతచెట్టు పోయింది. నాడు-నేడు పథకంలో గోడలకి రంగులు పడ్డాయి. అరుగు అలాగే ఉంది. పిల్లలు కబడ్డీ ఆడుతున్నారు. ఇప్పుడు కూతకి వెళ్లడం అనరు, రెయిడ్ అంటారు. ముప్ఫై సెకన్ల లెక్క ఫోన్‌లో చూస్తున్నారు. టీవీ కబడ్డీ వచ్చాక గడియారం గెలిచి కూత వెనకబడిందని నాకు అనుమానం. ఆ మాట అనేసరికి ఒక కుర్రాడు, "మీరెంతసేపు పెడతారు అంకుల్?" అన్నాడు. బూట్లు విప్పి గీత దగ్గర నిలబడ్డాను.

"పదకొండు సెకన్లు" అన్నాడు ఫోన్ చూసి. పక్కవాడు ఊరుకోకుండా, "మధ్యలో ఊపిరి తీశారు, నేను చూశాను" అన్నాడు.