బుడ్డోడి ఖాతా

మా కుక్క బుడ్డోణ్ణి మొదటిసారి సరిగ్గా తూచింది చెనక్కాయ మూటలు తూచే కాటా మీద. నేను అనంతపురం శివారులో ఒక నూనె మిల్లులో గుమాస్తాను. ఆదివారం మిల్లు ఖాళీగా ఉంటుందని వాణ్ణి ఆటోలో ఎక్కించుకుని పోయాను. ల్యాబ్రడార్, నాలుగేళ్లవాడు. కాటా ఎక్కి, అదేదో అరుగు అనుకున్నట్టు దర్జాగా పడుకున్నాడు. ముల్లు 41 కిలోల 200 గ్రాముల దగ్గర ఆగింది. వాచ్‌మన్ పక్కనే నిలబడి చూసి, "ఏందన్నా, మూటకు మూట సరిపాయె!" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. వాడు ఉండాల్సిన బరువు 32 అని డాక్టరమ్మ అంతకు రెండు రోజుల ముందే చెప్పింది.

సంగతి ధర్మవరంలో మేనమామ కూతురి పెళ్లితో మొదలైంది. పెళ్లైన మర్నాటి మటన్ భోజనాల్లో మిగిలిన కొవ్వు, చర్మం, ఎముకలు ఒక స్టీలు డబ్బా నిండా తెచ్చి వాడి ముందు గుమ్మరించాం. సంబరంగా తిన్నాడు. తెల్లారి నుంచి వాంతులు. ముందు కాళ్లు చాపి, వెనక భాగం పైకెత్తి, ప్రార్థన చేస్తున్నట్టు అలాగే ఉండిపోయాడు. పొట్టలో నొప్పి పుడితే కుక్కలు అలా నిలబడతాయని అప్పుడు నాకు తెలియదు, ఆడుకుంటున్నాడనుకున్నాను. ఒక ప్రైవేటు క్లినిక్‌కు తీసుకుపోతే క్లోమం వాచిందన్నారు. రక్తపరీక్షలు, నాలుగు రోజులు సెలైన్లు. బిల్లు 9,800 రూపాయలు.

రోజంతా పద్దులు రాసేవాణ్ణి కదా, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బీరువాలో ఉన్న చీటీలన్నీ తీసి ఒక పొడుగు పుస్తకంలో బుడ్డోడి పేరు మీద ఖాతా తెరిచాను. చెవి పోటుకు నాలుగుసార్లు, 3,600. దురదకు ఇంజెక్షన్లు, షాంపూలు, 5,400. వెనక కాలు కుంటితే ఎక్స్‌రే, నొప్పి మాత్రలు, 3,700. మొన్నటి క్లోమం కలిపితే ఏడాదికి 22,500. తిండి ఖర్చు వేరే. మా ఆవిడ ఆ మొత్తం చూసి, "మన నలుగురికీ గూడా ఇంత కాలేదే" అంది. నిజమే, మేం గట్టి పిండాలం.

తర్వాత వెళ్లింది ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి. అక్కడి డాక్టరమ్మ చిన్న వయసావిడ. క్లినిక్ రిపోర్టులు చూసి ముందు అడిగింది ఒకటే: ఏం తింటాడు? "పెద్దగా ఏం పెట్టం మేడం, డాగ్ ఫుడ్డే" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి, వాడి నడుము వైపు ఒకసారి చూసి, వారం రోజులు వాడి నోట్లోకి పోయే ప్రతిదీ రాసుకుని రమ్మంది.

పుస్తకం ఫ్రిజ్ పైన పెట్టాం. వారం తిరిగేసరికి ఇంటి గుట్టంతా అందులో ఉంది. డాగ్ ఫుడ్డు రోజుకు 350 గ్రాములు, అది అందరికీ తెలిసిందే. మా పాప స్కూలు నుంచి రాగానే గ్లూకోజ్ బిస్కెట్లు, రెండు కాదు, పది. మా ఆవిడ పొద్దున ఒక గ్లాసు గేదె పాలు. మా అమ్మ, అంటే పాపకు జేజి, మధ్యాహ్నం తన సంగటి ముద్దలో సగం. నేనేమో సాయంత్రం మిల్లు నుంచి జేబులో తెచ్చే గుప్పెడు చెనక్కాయ గింజలు. నాలుగు చేతులు, ఒక్క నోరు. ఎవరికి వాళ్లం "నేను పెట్టేది కాస్తే కదా" అనుకున్నవాళ్లమే.

డాక్టరమ్మ చెప్పిన లెక్క మీకూ పనికొస్తుందని రాస్తున్నా. కుక్క ఉండాల్సిన బరువును అదే అంకెతో ఇంకో రెండుసార్లు గుణించండి. వచ్చినదానికి వర్గమూలం తీయండి, మళ్లీ ఒకసారి తీయండి. దాన్ని 70తో గుణించండి. ఫోనులో ఉండే మామూలు క్యాలిక్యులేటరు చాలు. 32 కిలోలకు దాదాపు 940 క్యాలరీలు వస్తుంది. బరువు తగ్గాల్సిన కుక్కకు ఆమె పెట్టిన హద్దు అది. తగ్గే పని లేకుండా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన మామూలు కుక్కకైతే దానికి 1.6 రెట్లు. మా వాడు తింటున్నది? డాగ్ ఫుడ్డు 1,225, బిస్కెట్లు 250, పాలు 200, సంగటి 200, గింజలు 170. మొత్తం రెండు వేలు దాటింది.

కానీ ఆమె ఎక్కువగా పట్టుకున్నది చెనక్కాయ గింజల్నే. రిపోర్టులో లివర్‌కు సంబంధించిన అంకె ఒకటి ఎక్కువగా ఉంది. "ఏ గింజలు సార్? మంచివా, తీసేసినవా?" అంది. నా నోరు పడిపోయింది. నేను తెచ్చేది జల్లెడలో పక్కకు పోయినవి, ముడతలు పడ్డవి, రంగు మారినవి. మంచివి జేబులో వేసుకుంటే దొంగతనం కదా, పనికిరానివి వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కాయ ఊరే టైములో బెట్ట తగిలితే బూజు పడుతుందనీ, అందులో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుందనీ మిల్లులో పనిచేసే నాకు తెలియనిది కాదు. కొనేవాళ్లు పరీక్ష చేయించి వెనక్కి పంపిన లోడ్లు చూసినవాణ్ణే. ఆ విషం లోకానికి తెలిసిందే చెనక్కాయ చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) వల్ల. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన చెక్కలో దాని మూలం దొరికింది. వేయించినా ఉడికించినా అది పూర్తిగా పోదు. కుక్కల లివర్‌కు అది బాగా చెడ్డది. మా వాడి లివర్ అందువల్లే దెబ్బతిందని ఆమె అనలేదు, కాకపోవచ్చు కూడా, ముందు ఆపమంది. ఇంటికొచ్చి ప్యాంటు జేబు తిరగేసి దులిపాను.

ఇక్కడ నేను ఒక తెలివితక్కువ పని చేశాను. కంపెనీ ఫుడ్డు ఖర్చంతా ఎందుకు, ఇంట్లోనే వండేద్దామన్నాను. చికెన్ అంగడిలో కందనకాయలు చవగ్గా ఇస్తారు. అన్నం, చికెన్, కాస్త క్యారెట్ ఉడికించి రెండు నెలలు పెట్టాం. వాడికి పండగే. ఖర్చూ తగ్గింది. గొప్పగా చెప్పుకుందామని పోతే డాక్టరమ్మ, "కాల్షియం ఎక్కడుంది సార్ ఇందులో?" అంది. కండలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఆ లోటు తీర్చుకోవడానికి ఒళ్లు ఎముకల్లోంచి లాక్కుంటుంది. ఎదిగే కుక్కపిల్లకైతే కాళ్లు వంగిపోతాయట. కోడిగుడ్డు పెంకు బాగా కడిగి ఎండబెట్టి మెత్తగా పొడి చేస్తే ఒక టీస్పూనులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది, మా వాడికి రోజుకు అందులో సగం పైచిలుకు చాలు. సరే వేస్తానన్నాను. మరి జింక్? అయోడిన్? విటమిన్ డి, ఇ? 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ వాళ్లు కుక్కల కోసం పుస్తకాల్లో, ఇంటర్నెట్లో ఉన్న 200 వంటకాలు పరీక్షించారట. 95 శాతం వాటిలో ఏదో ఒక పోషకం తక్కువే ఉంది. ఇంటి వంట తప్పు కాదు, తెలిసినవాళ్లు లెక్క కట్టి ఇచ్చిన వంట అయితే. నా చేతి లెక్క సరిపోదు.

కాబట్టి కుదిరిన ఏర్పాటు ఇది. తొంభై వంతులు పూర్తి పోషకాలున్న డాగ్ ఫుడ్డు, పది వంతులు ఇంటిది. ఇంటిది ఎంత ముద్దొచ్చినా ఆ పది దాటకూడదు, దాటితే మిగతా తొంభైలో ఉన్న తూకం చెడుతుంది. కీరకాయ, ఉడికించిన సొరకాయ, అప్పుడప్పుడు సగం గుడ్డు, వేసవిలో ఉప్పు లేని పల్చటి మజ్జిగ. ఉల్లిపాయ, వెల్లుల్లి లేకుండా. ఉగ్గానిలో ఒక ముక్క తిన్నంత మాత్రాన ఏమీ కాదు, కానీ ఎక్కువైతే రక్తకణాలు దెబ్బతింటాయి. మా ఇంట్లో ఊరిబిండి (ఉల్లిపాయ వేసిన చెనక్కాయ పచ్చడి) గిన్నె వాడికి అందే ఎత్తులో ఉండదిప్పుడు.

ఫుడ్డు కొనడానికి పోతే అంగడాయన, కుక్కకు ధాన్యం పడదన్నా అంటూ గ్రెయిన్ ఫ్రీ సంచి ముందుకు తోశాడు. ధర దాదాపు రెట్టింపు. ధాన్యం పడని కుక్కలు లేకపోలేదు గానీ తక్కువే, ఎక్కువగా పడనివి బీఫ్, పాలు, చికెనే. పైగా అలాంటి ఫుడ్లకూ కుక్కల గుండె జబ్బుకూ సంబంధముందేమోనని 2018లో అమెరికాలో తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. తడి ఫుడ్డు పౌచ్‌లూ చూశాను. అందులో దాదాపు 80 శాతం నీళ్లే. కుళాయి నీళ్లు మా ఇంట్లో ఉన్నాయి. చివరికి సంచి మీద 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అనీ, ఎదిగిన కుక్కలకనీ ఉన్న మధ్యరకం తీసుకున్నాను. బొమ్మను కాదు, వెనకున్న చిన్న అక్షరాలు చూసి కొనడం మిల్లులో అలవాటే. అంతకుముందు కిలో 430 పెట్టి రోజుకు 350 గ్రాములు పోసేవాళ్లం, నెలకు 4,500. ఇప్పుడు కిలో 270, రోజుకు 240 గ్రాములు, నెలకు 1,950.

ఇక్కడా ఒక దెబ్బ తిన్నాను. చవగ్గా పడుతుందని 20 కిలోల మూట కొన్నాను. ఏప్రిల్ నెల, అనంతపురం ఎండ, మూట వంటింటి పక్క గదిలో రేకుల కింద. నెలన్నరకే పాత నూనె కంపు. నూనె మిల్లోడికి ముక్కు పనిచేయకపోతే ఎలా, తొమ్మిది కిలోలు పారబోశాను. రోజుకు 240 గ్రాముల చొప్పున 20 కిలోలంటే ఎనభై రోజులు పైమాటే. ఇప్పుడు పది కిలోలే తెస్తాం, ఆ సంచిని అలాగే మూతి బిగించి డబ్బాలో దించుతాం.

అన్నిటికంటే కష్టమైంది మా అమ్మతో. కొలగిన్నె పెట్టి తూచి పోస్తుంటే, "ముద్దకు గూడా తక్కెడ పెడితివేరా? నోరు లేని జీవం, అడగలేదు గదా" అని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ల్యాబ్రడార్ల మీద 2002లో వచ్చిన పరిశోధన గురించి చెప్పాను: 48 కుక్కల్లో సగానికి పాతిక శాతం తక్కువ పెడితే, అవి దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికాయి. ఆమె నమ్మలేదు. డాక్టరమ్మ నేర్పిన చేతి పరీక్ష మాత్రం నమ్మింది. పిడికిలి బిగించి కణుపుల మీద వేలు రాస్తే అది బక్క కుక్క పక్కటెముకలు. అరచేతిలో రాస్తే లావు కుక్క. చెయ్యి చాపి దాని వెనక వైపు రాస్తే ఎముకలు సన్నగా తగులుతాయి, అలా ఉండాలి. అమ్మ బుడ్డోడి పక్కలు తడిమింది, తన అరచెయ్యి తడుముకుంది. "అయ్యో, పరుపు మాదిరి ఉండాడే" అంది. ఆ రోజు నుంచి సంగటి ఆగింది.

ఏడు నెలలకు కాటా మీద 34 కిలోల 500. కుంటడం పోయింది, నొప్పి మాత్రలు మానేశాం. లివర్ అంకె మామూలైంది. చెవి పోటు మాత్రం పోలేదు, అది తిండి సంగతి కాదు, స్నానం చేయించాక చెవుల్లో తడి ఉంచేస్తున్నాం. పిడుదులకు తిండితో మందు లేదు, టీకాలకూ అంతే, వాటి దగ్గర పిసినారితనం చేయకూడదు. రేబీస్ టీకా జూలై 6న జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బులు) దినం రోజు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా వేస్తారు, పొద్దున్నే పోతే వరుస చిన్నది. రెండో ఏడాది ఖాతా: టీకాలు, పిడుదుల మందు 4,100. చెవికి రెండుసార్లు 1,800. రక్తపరీక్ష 1,400. మొత్తం 7,300.

పుస్తకం ఇంకా ఫ్రిజ్ పైనే ఉంది. ఇప్పుడు అందులో రాసేది మా పాప. నిన్న రాత్రి తిరగేస్తే, గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది: "జేజి – కీరకాయ 2 ముక్కలు. ఇంకో ముక్క కూడా పెట్టింది, రాయొద్దనింది."