ఒంట్లో సీసం, అమ్మినవాడి పూచీ

నాకు చాలాకాలం రక్తహీనతే అని మందులిచ్చారు. ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ పెరగదు. బొడ్డు చుట్టూ మెలిపెట్టే నొప్పి. గ్యాస్ అన్నారు, అల్సర్ అన్నారు. చివరికి వరంగల్‌లో ఒక డాక్టరమ్మ ఎర్రకణాల్లో నీలం చుక్కలు గమనించి, రక్తంలో సీసం పరీక్ష రాశారు. డెసిలీటరుకు 62 మైక్రోగ్రాములు! 5 ఉన్నా సరే, ఎక్కణ్నుంచి వస్తోందో వెతకాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

మా ఇంట్లో బ్యాటరీల పని, రంగుల పని ఎవరూ చేయరు. ఆవిడ వంటింటి సామాన్ల గురించి అడిగారు. ఏళ్లుగా ఒకే కొట్లో విడిగా కొంటున్న పసుపు ల్యాబ్‌కి ఇచ్చాం. కిలోకు 10 మిల్లీగ్రాములు దాటకూడని సీసం అందులో ఎన్నో రెట్లుంది. కొమ్ములు నిగనిగలాడాలని సీసం ఉన్న లెడ్ క్రోమేట్ అనే పచ్చరంగు పట్టిస్తారట. మావారికీ ఎక్కువే, కానీ నా అంత కాదు. రోజూ రాత్రి పసుపు పాలు తాగేది నేనే.

సీసాన్ని మూత్రంలో బయటికి పంపే క్యాప్సూల్స్ వాడాక నొప్పి తగ్గింది. చాన్నాళ్ల తర్వాత పప్పుచారు మారు వడ్డించుకుంటే మా అత్తయ్య కళ్లొత్తుకుంది.

కొట్టతను మాత్రం, "డబ్బాలోది మా పసుపేనని రుజువేంటమ్మా?" అన్నాడు. బిల్లు ఎప్పుడూ ఇవ్వలేదు. ఫుడ్ సేఫ్టీ అధికారి తీసిన శాంపిల్ కొత్త సరుకుది, అందులో ఏమీ లేదు. ఇక్కడే నాకు కడుపు మండుతుంది. చట్టం ఒక శాంపిల్‌ని అడుగుతుంది. నా ఒంట్లోకి విషం ఏళ్ల తరబడి చిటికెడు చిటికెడుగా పోయింది. తిన్నదాన్ని ఎక్కణ్నుంచి తెచ్చి చూపించను?

అయినా దారి లేకపోలేదు. 2006 ఆహార భద్రతా చట్టం 27వ సెక్షన్ ప్రకారం, సరుకు ఎవరి దగ్గర కొన్నాడో చెప్పలేని దుకాణదారుడిదే బాధ్యత. 65వ సెక్షన్ కింద తీవ్రమైన హాని జరిగితే 3 లక్షల వరకు పరిహారం. కొన్నవాళ్లే ఫీజు కట్టి ఫుడ్ అనలిస్టుతో పరీక్ష చేయించుకోవచ్చని 40వ సెక్షన్ చెబుతుంది. వినియోగదారుల కమిషన్‌కి మాత్రం రెండేళ్లలోపు వెళ్లాలి. మేం వెళ్లాం. నెలనెలా ఆ కొట్టుకి డబ్బు కట్టినట్టు ఫోన్‌పే లెక్కలు, డాక్టరమ్మ రిపోర్టు దాఖలు చేశాం.

సీసం ఎముకల్లో దాక్కుని మళ్లీ రక్తంలోకి దిగుతుంది. మందు ఆపాక నాకు కొంచెం పెరిగింది కూడా. అందుకే ముందు ముందు చేయించుకోవాల్సిన పరీక్షల ఖర్చు కూడా క్లెయిమ్‌లో రాయించాను. అది ఇవ్వాల్సింది అమ్మినవాడే.