రాత్రంతా వాడకపోయినా చార్జింగ్ దిగుతోందా? కాలింగ్ యాప్‌లను పరీక్షించడంలో నా అనుభవం

బ్యాటరీ త్వరగా అయిపోతోందనగానే చాలామంది కాలింగ్ యాప్‌లన్నింటినీ రీసెంట్స్‌లోంచి తుడిచేస్తారు. దానివల్ల ఒరిగేది తక్కువే. పుష్ (కాల్ వచ్చిందన్న కబురును సర్వర్ నుంచి ఫోన్‌కి చేరవేసే పద్ధతి) మీద నడిచే యాప్ కాల్ కోసం సొంతంగా మేలుకుని కూర్చోదు. ఆండ్రాయిడ్‌లో గూగుల్ పుష్ సర్వీసు, ఐఫోన్‌లో ఆపిల్‌ది అన్ని యాప్‌ల తరఫునా ఒకే కనెక్షన్ తెరిచి ఉంచుతాయి. కాల్ వచ్చినప్పుడే యాప్ లేస్తుంది.

అందుకే నేను ముందు వెతికేది సొంత కనెక్షన్ పట్టుకుని కూర్చున్న యాప్ కోసం. నోటిఫికేషన్ బార్‌లో రోజంతా 'కనెక్టెడ్' అని కనిపించే ఎస్ఐపీ యాప్‌ల (ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడిపే ఒక రకం యాప్‌ల) మీదే మొదటి అనుమానం. బ్యాటరీ యూసేజ్‌లో దాని బ్యాక్‌గ్రౌండ్ టైమ్ చూస్తాను. స్క్రీన్ ఆపి మాట్లాడిన కాల్ కూడా చాలా ఫోన్లలో బ్యాక్‌గ్రౌండ్ కిందే పడుతుంది కాబట్టి, కాల్స్ లేని రాత్రి లెక్కనే నమ్ముతాను. ఒక రాత్రి యాప్‌లో లాగిన్ అయి, మరో రాత్రి లాగౌట్ చేసి, ఫోన్‌ను అదే చోట, అదే నెట్‌వర్క్ మీద ఉంచి పోల్చాలి.

అసలు ఖర్చు డేటాది కాదు, రేడియోది, అంటే ఫోన్‌లో నెట్‌వర్క్‌తో మాట్లాడే భాగానిది. యూడీపీ (డేటా పంపే ఒక పద్ధతి) కనెక్షన్‌ను రౌటర్ మరిచిపోకుండా యాప్ దాదాపు 30 సెకన్లకోసారి చిన్న కీప్‌అలైవ్ ప్యాకెట్ (కనెక్షన్‌ను తెరిచి ఉంచే చిన్న సందేశం) పంపుతుంది. మొబైల్ డేటాలో ఆ ఒక్క ప్యాకెట్ వెళ్లాక కూడా రేడియో వెంటనే నిద్రపోదు, సుమారు 10 సెకన్లు మేలుకునే ఉంటుంది. గంటకు 120 ప్యాకెట్లంటే 20 నిమిషాల మెలకువ! సిగ్నల్ బలహీనంగా ఉంటే ఖర్చు ఇంకా పెరుగుతుంది. వైఫైలో ఇంత భారం ఉండదు.

యాప్‌లో పుష్ సౌకర్యం ఉంటే ముందు అది ఆన్ చేయండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. సర్వర్ పుష్‌కి ఒప్పుకోకపోతే ట్రాన్స్‌పోర్ట్‌ను (డేటా పంపే పద్ధతిని) యూడీపీ నుంచి టీసీపీకి గానీ టీఎల్ఎస్‌కి గానీ మార్చి, కీప్‌అలైవ్‌ను 90–120 సెకన్లకు పెంచాలి. రిజిస్ట్రేషన్ (సర్వర్‌లో యాప్ నమోదు) గడువు 3600 సెకన్లు ఉండొచ్చు, దాన్ని తగ్గించే పని పెట్టుకోవద్దు. పుష్ పనిచేస్తే బ్యాటరీ సెట్టింగ్‌ను 'ఆప్టిమైజ్డ్'లో ఉంచవచ్చు. పుష్ లేని యాప్‌కి మాత్రం 'అన్‌రిస్ట్రిక్టెడ్' తప్పదు. లేకపోతే ఆండ్రాయిడ్ 6 నుంచి ఉన్న డోజ్ (వాడకుండా ఉన్న ఫోన్‌ను నిద్రపుచ్చే ఏర్పాటు) దాని నెట్‌వర్క్‌ను ఆపేస్తుంది, కాల్ మోగదు.

ఫోర్స్ స్టాప్ జోలికి మాత్రం పోవద్దు. మళ్లీ యాప్ తెరిచేదాకా పుష్ కూడా అందదు, ముఖ్యమైన కాల్ పోయిందని తర్వాతెప్పుడో తెలుస్తుంది.

మార్పులు చేశాక చార్జర్ తీసేసి, స్క్రీన్ లాక్ చేసి, ఫోన్‌ను గంటసేపు కదపకుండా వదిలేయండి. చార్జర్‌కి పెట్టి ఉంటే డోజ్ రానే రాదు కాబట్టి ఆ పరీక్ష లెక్కలోకి రాదు. గంట తర్వాత వేరే ఫోన్ నుంచి ఆ యాప్‌కి కాల్ చేసి, వెంటనే మోగుతోందో లేదో చూడండి.