దేవునితో పాలివారమై

"మన సహవాసమైతే తండ్రితోకూడను ఆయన కుమారుడైన యేసుక్రీస్తుతోకూడను ఉన్నది." (1 యోహాను 1:3)

ఈ మాట నాకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చు. ప్రార్థనల్లో వాడాను, ఎంతోమందికి చెప్పాను కూడా. కానీ సహవాసం అంటే అసలేమిటని ఎవరైనా నిలదీసి అడిగి ఉంటే, "దేవుడు దగ్గరగా ఉన్నట్టు అనిపించడం" అనేవాణ్ణేమో. ప్రార్థనలో కన్నీళ్లు వచ్చిన రోజు సహవాసం ఉన్నట్టు, మనసు పొడిగా ఉన్న రోజు లేనట్టు. చాలా ఏళ్లు ఇదే లెక్క. ఆ లెక్క తప్పని నాకు తెలిసింది లూకా సువార్త 5వ అధ్యాయంలో ఉన్న చేపల వేట చదువుతున్నప్పుడు.

ఆ సంగతి మీకు తెలిసిందే. రాత్రంతా కష్టపడినా సీమోనుకు, అంటే పేతురుకు, ఒక్క చేప దొరకలేదు. తెల్లవారాక యేసు మాట మీద వల వేశాడు. వల పిగిలిపోయేంతగా చేపలు పడ్డాయి. అప్పుడు వేరే దోనెలో ఉన్నవాళ్లకు చేతులతో సైగ చేశారు, వచ్చి సాయం పట్టమని. వాళ్లు వచ్చారు. రెండు దోనెలూ మునిగిపోయేంతగా నిండాయి. ఆ రెండో దోనె వాళ్లను మన తెలుగు బైబిలు "పాలివారు" అంటుంది. పదో వచనంలో వాళ్ల పేర్లు కూడా ఉన్నాయి: "సీమోనుతో కూడ పాలివారైన జెబెదయి కుమారులగు యాకోబును యోహానును."

యోహాను! "మన సహవాసమైతే తండ్రితో" అని తర్వాత పత్రికలో రాసిన యోహానే. ఆ పదో వచనంలో లూకా వాడిన గ్రీకు మాట "కొయినోనోస్". యోహాను తన పత్రికలో సహవాసానికి వాడిన మాట "కొయినోనియా". రెండూ ఒకే మాట నుంచి పుట్టినవే. యోహాను ఆ వేటను తలచుకునే అలా రాశాడని నేను అనను, పత్రికలో దాని ప్రస్తావన లేదు. కానీ ఆ మాట ఆయనకు పుస్తకాల్లో నేర్చుకున్న మాట కాదు. అది ఆయన బతుకుతెరువులో ఉన్న మాట.

పాలు అంటే వాటా. పాలివాడు అంటే వాటా ఉన్నవాడు. చేపలు పడితే ఇద్దరివీ, వల చిరిగితే నష్టం ఇద్దరిదీ. అవతలి దోనెలోంచి సైగ వస్తే "నా దోనె కాదు కదా" అని కూర్చోవడానికి లేదు. తెడ్డు వేసుకుంటూ వెళ్లాలి, ఆ బరువు కింద తన దోనె కూడా మునిగేలా ఉన్నా వెళ్లాలి. ఇలాంటి పొత్తు తెలిసిన మనిషి "మా సహవాసం తండ్రితో" అన్నాడంటే, ఆ మాటలో ఎంత ధైర్యం ఉందో చూడండి. ఆకాశాన్ని, భూమిని చేసిన దేవునితో నాకు పొత్తు ఉంది అంటున్నాడు!

ఈ పొత్తులో మొదట వాటా తీసుకున్నది మనం కాదు. ఈ సంగతి దగ్గర నేను ఎంతసేపైనా ఆగిపోగలను. ఏదెను తోటలో చల్లపూట దేవుని స్వరం వినిపించినప్పుడు మనిషి చెట్ల మధ్య దాక్కున్నాడు. "నీవు ఎక్కడ ఉన్నావు" అని పిలిచింది దేవుడే. ఆ పిలుపు అక్కడితో ఆగలేదు. హెబ్రీ పత్రిక 2:14 చదవండి. పిల్లలు రక్తమాంసాలు గలవాళ్లు కాబట్టి ఆయన కూడా వాటిలో "పాలివాడాయెను" అని ఉంటుంది. మన ఆకలిలో వాటా తీసుకున్నాడు. సమరయలో బావి దగ్గర ఎండలో కూర్చున్నప్పుడు మన అలసటలో, లాజరు సమాధి దగ్గర మన ఏడుపులో వాటా తీసుకున్నాడు. చివరికి సిలువ మీద మన పాపంలో, మన చావులో. మన దోనె మునిగిపోతుంటే ఒడ్డున నిలబడి సలహాలు చెప్పలేదు, మన దోనెలోకే వచ్చాడు.

అలా వచ్చాక తన వాటా మనకు ఇచ్చాడు. మనం "దేవస్వభావమునందు పాలివార" మవుతామని పేతురు రాశాడు (2 పేతురు 1:4). ఈ మాట రాసినవాడు ఆ మొదటి దోనె యజమానే. యేసు కాళ్ల దగ్గర పడి "ప్రభువా, నన్ను విడిచిపొమ్ము, నేను పాపాత్ముడను" అన్నవాడే. యేసు ఆ రోజు దోనె దిగి వెళ్లిపోలేదు. "భయపడకుము" అన్నాడు. అందుకే "నేను తగను బ్రదర్, నాలాంటివాడికి దేవునితో సహవాసమా" అని ఎవరైనా నాతో అంటే వాదించను, పేతురు దగ్గరకు తీసుకెళ్తాను.

ప్రభువు బల్ల దగ్గర కూడా ఇదే మాట ఉంది. "మనము విరుచు రొట్టె తినుట క్రీస్తు శరీరములో పాలు పుచ్చుకొనుటయే గదా?" (1 కొరింథీ 10:16). ఆ చిన్న రొట్టె ముక్క అరచేతిలో పెట్టుకున్నప్పుడు నేను ఇప్పుడు పెద్ద పెద్ద అనుభూతుల కోసం వెతకడం లేదు. "ఇది నా వాటా. నాకోసం విరగ్గొట్టినది. నేను సంపాదించింది కాదు, కానీ నాదే" అని మనసులో చెప్పుకుంటాను. అంతే. కొన్ని ఆదివారాలు గొంతు పూడుకుపోతుంది, కొన్ని ఆదివారాలు ఏమీ అనిపించదు. రెండు రోజులూ రొట్టె అదే, వాటా అదే.

అయితే వాటా ఉండి కూడా దాన్ని అనుభవించకుండా బతకవచ్చు. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో మనం ఎప్పుడూ చిన్నవాడి గురించే మాట్లాడుకుంటాం. నన్ను ఎక్కువ భయపెట్టేది పెద్దవాడు. అతను ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు, ఏ ఆజ్ఞా మీరలేదు. రోజూ పొలానికి వెళ్లాడు, రోజూ తండ్రి బల్ల దగ్గరే తిన్నాడు. కానీ తమ్ముడు పోయిన రోజు నుంచి తండ్రి కళ్లు దారి మీదే ఉన్నాయన్న సంగతి అతనికి పట్టలేదు. ఆ బాధలో అతనికి పాలు లేదు. కాబట్టి తమ్ముడు తిరిగి వచ్చిన రోజు ఆ సంతోషంలోనూ పాలు లేకుండా పోయింది. లోపల పాటలు వినిపిస్తుంటే బయటే నిలబడి, స్నేహితులతో సంతోషించడానికి ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని లెక్కలు అడిగాడు. తండ్రి లేని విందు కోసం ఒక మేకపిల్ల! సంఘంలో ఏళ్ల తరబడి ఉన్న మనలాంటివాళ్లు ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి ఆలోచించాలి. ప్రార్థనలో నేను అడిగేదంతా మేకపిల్లలేనా? తండ్రి దేనికి దుఃఖపడుతున్నాడో నాకు పట్టిందా? ఆ తండ్రి ఇతని కోసం కూడా బయటకు వచ్చి బతిమాలాడు. "నావన్నియు నీవి" అన్నాడు. మొత్తం ఆస్తి చేతిలో ఉన్నవాడు మేకపిల్ల కోసం ఏడవడం చూసి ఆ తండ్రి ఎంత నొచ్చుకున్నాడో!

ప్రభువు నేర్పిన ప్రార్థన వరుస ఇందుకే అలా ఉందని నాకు అనిపిస్తుంది. ముందు ఆయన నామం, ఆయన రాజ్యం, ఆయన చిత్తం. మన రొట్టె ఆ తర్వాత. ముందు ఆయన సంగతుల్లో మనం పాలు తీసుకుంటాం, తర్వాత మన సంగతులు ఆయన ముందు పెడతాం. నేను చాలాకాలం మొదటి మూడూ గబగబా చెప్పేసి రొట్టె దగ్గర ఆగేవాణ్ణి. ఇప్పుడు ఉదయం మొదటి పది నిమిషాలు నా గురించి ఏమీ అడగకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నాను. కష్టంగానే ఉంది.

ఇప్పుడు వెలుగు గురించి. దేవుడు వెలుగు గనుక చీకటిలో నడుస్తూ ఆయనతో సహవాసం ఉందని చెప్పుకుంటే అబద్ధమాడినట్టేనని యోహాను ఆ అధ్యాయంలోనే సూటిగా రాశాడు. ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్పాలి.

కొన్నేళ్ల క్రితం ఆఫీసులో ఒక రిపోర్టులో నేను వేసిన అంకె తప్పయింది. మీటింగులో అది బయటపడగానే అందరూ నా కింద పనిచేసే అబ్బాయి వైపు చూశారు. నేను నోరు తెరవలేదు. అతనికి చీవాట్లు పడ్డాయి. "నేనేమీ అబద్ధం ఆడలేదు కదా, మాట్లాడలేదంతే" అని సర్ది చెప్పుకున్నాను. మర్నాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే మోకరించాను. ప్రార్థన అవసరతలు రాసుకునే నోట్‌బుక్ నాకు ఒకటి ఉంది. ఒక్కో పేరు మీద వేలు పెట్టి ప్రార్థించడం అలవాటు. ఆ అబ్బాయి పేరు కూడా అందులో ఉంది, వాళ్ల అమ్మగారి ఆరోగ్యం కోసం అతనే రాయమన్నాడు. ఆ పేరు రాగానే నా వేలు దానంతట అదే కింది వరుసకు జారిపోయింది. మూడు వారాలు అలాగే జారింది. మిగతా అందరి కోసం ప్రార్థించాను, చాలా బాగా ప్రార్థించాను. కానీ గోడతో మాట్లాడుతున్నట్టు ఉండేది. దేవుడు మౌనంగా ఉన్నాడని అనుకున్నాను.

ఒక ఉదయం 32వ కీర్తన చదవాల్సి వచ్చింది. "నేను మౌనినై యుండగా" అన్న చోట ఆగిపోయాను. మౌనంగా ఉన్నది దేవుడు కాదు, నేను! ఆ రోజు అదే మీటింగులో, అదే మనుషుల ముందు, తప్పు నాదని చెప్పాను. కాళ్లు వణికాయి. తర్వాత ఆ అబ్బాయిని క్షమించమని అడిగితే, "నాకు తెలుసు సార్. మీరు చెప్తారనే ఎదురుచూశాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

ఆ రాత్రి మళ్లీ 1 యోహాను 1:7 తీసి చదివాను. వెలుగులో నడిస్తే ఏమవుతుంది? "దేవునితో సహవాసం కలుగుతుంది" అని ఉండాలి కదా, పై వచనం ఆ సంగతే చెప్తోంది కదా. కానీ యోహాను "మనము అన్యోన్యసహవాసము గలవారమై యుందుము" అని రాశాడు. ఒకరితో ఒకరికి! ఎన్నోసార్లు చదివినా ఆ రాత్రి వరకు నా కంటికి ఆనలేదు. దేవునితో పొత్తు తెగిన చోట పక్కనున్న మనిషితోనూ తెగుతుంది, అతుక్కునేటప్పుడు రెండూ కలిసే అతుక్కుంటాయి. ఆ వెంటనే యేసు రక్తం ప్రతి పాపం నుంచి పవిత్రులను చేస్తుందని ఉంది. అంటే వెలుగులో నడిచేవాళ్లకు కూడా కడుక్కోవాల్సింది ఉంటుంది. మచ్చ లేనివాళ్లకే వెలుగు అయితే నేను ఇప్పటికీ చెట్ల మధ్యే దాక్కుని ఉండేవాణ్ణి.

పొడిగా ఉండే ప్రతి కాలానికీ దాచిన పాపమే కారణమని మాత్రం అనకండి, దయచేసి. బాధలో ఉన్నవాళ్ల దగ్గరకు వెళ్లి "ఏదో పాపం ఉండి ఉంటుంది, పరీక్షించుకో" అనడం యోబు స్నేహితులు చేసిన పని, దేవుడు వాళ్లమీద కోపగించాడు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని 13వ కీర్తనలో అడిగిన దావీదు ఆ మాటను దేవునితోనే అన్నాడు, దేవుని వెనుక అనలేదు. సహవాసంలో ఉన్నవాడే అలా అడగగలడు. పౌలు అయితే క్రీస్తు శ్రమల్లో "పాలివాడనగుట యెట్టిదో" తెలుసుకోవడానికి సమస్తం నష్టపరచుకున్నానని ఫిలిప్పీయులకు రాశాడు. పాలివాడు అన్న మాట అక్కడ కూడా వచ్చింది. కొంతమంది విశ్వాసులు ఆసుపత్రి మంచం మీద, మాట కూడా రాని స్థితిలో, మిగతావాళ్లకు తెలియని దగ్గరతనంలో ఉంటారు. నేను చూశాను.

ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు. హనోకు మూడు వందల ఏళ్లు దేవునితో నడిచాడని ఆదికాండం చెప్తుంది. ఆ వచనంలోనే కుమారులను, కుమార్తెలను కన్నాడని కూడా ఉంది. అంటే పిల్లల ఏడుపుల మధ్య, ఇంటి పనుల మధ్య, టెన్షన్ల మధ్య నడిచాడు. ఏ కొండ గుహలోకో వెళ్లిపోయాడని లేదు. చిన్నపిల్లలున్న తల్లులు "ప్రార్థనకు టైమే దొరకడం లేదు" అని కుమిలిపోతుంటే ఈ వచనమే చూపిస్తాను.

మళ్లీ ఆ సముద్రం దగ్గరకే వెళ్దాం. యోహాను 21వ అధ్యాయం. పునరుత్థానం తర్వాత. మళ్లీ రాత్రంతా వేట, మళ్లీ ఏమీ దొరకలేదు. తెల్లవారుతుంటే ఒడ్డున ఎవరో నిలబడి కుడి పక్కన వల వేయమన్నాడు. వేశారు. ఒడ్డుకు వచ్చేసరికి నిప్పులు రాజుకుని ఉన్నాయి, వాటి మీద చేపలు, పక్కన రొట్టె. ఆయన దగ్గర చేపలు అప్పటికే ఉన్నాయి. అయినా ఏమన్నాడో చూడండి: మీరు ఇప్పుడు పట్టిన చేపల్లో కొన్ని తీసుకురండి అన్నాడు. ఆయనకు లోటై అడగలేదు. తన చేపల పక్కన వాళ్ల చేపలు కూడా ఉండాలని అడిగాడు. పేతురు వల లాగాడు, నూట యాభై మూడు పెద్ద చేపలు. ఎవరో కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టారన్నమాట.

పేతురు ఇంతకుముందు నిప్పుల దగ్గర చలి కాచుకుంటూ యేసును ఎరగనని అన్నాడు. ఇప్పుడు కూడా ఎదురుగా నిప్పులే ఉన్నాయి. దాని గురించి ఆయన తర్వాత అడుగుతాడు, మూడుసార్లు అడుగుతాడు. కానీ ముందు, రాత్రంతా తడిసి ఆకలితో వచ్చినవాళ్లతో ఆయన అన్న మాట ఇది: "రండి, భోజనము చేయుడి."